వంద మంది, రెండు రోజులు, ఒక ప్లాన్: పీఐ ప్లానింగ్ ఎలా నడపాలి?

[స్క్రీన్ మీద: పెద్ద హాలు. పది బల్లలు, ఒక్కో బల్ల చుట్టూ ఒక్కో టీమ్.]

నమస్తే! ఒకే ప్రోడక్ట్ మీద పది టీములు పనిచేస్తున్నాయనుకుందాం. ఎవరి స్ప్రింట్, అంటే ఒకటి రెండు వారాల పని విడత, వాళ్లు బాగానే ప్లాన్ చేసుకుంటారు. కానీ పేమెంట్స్ టీమ్‌కి కావలసిన ఏపీఐని, అంటే రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే దారిని, కేవైసీ టీమ్ రాసివ్వాలి. ఆ సంగతి కేవైసీ టీమ్‌కి స్ప్రింట్ మధ్యలో తెలుస్తుంది. రెండు టీములూ కష్టపడి పనిచేసినా రిలీజ్ వెనక్కి పోతుంది.

ఈ ఇబ్బంది ముందే బయటపడాలనే పీఐ ప్లానింగ్ పెట్టారు. పీఐ అంటే ప్లానింగ్ ఇంటర్వెల్, టీములన్నీ కలిసి ప్లాన్ చేసుకునే కొన్ని వారాల కాలం. ఈ ప్లానింగ్ సేఫ్ (స్కేల్డ్ అజైల్ ఫ్రేమ్‌వర్క్) అనే ఫ్రేమ్‌వర్క్‌లోది. డీన్ లెఫింగ్‌వెల్ 2011లో దాన్ని తీసుకొచ్చారు. అందులో 50 నుంచి 125 మంది ఉండే టీముల గుంపును అజైల్ రిలీజ్ ట్రైన్ అంటారు. ట్రైన్‌లోని వాళ్లంతా 8 నుంచి 12 వారాలకోసారి కలిసి కూర్చుని, రాబోయే పనిని ప్లాన్ చేసుకుంటారు. దీన్ని నడిపించేది రిలీజ్ ట్రైన్ ఇంజనీర్, అంటే ఆర్టీఈ.

మీరు ఆర్టీఈ అయినా, ఒక టీమ్ పని సాఫీగా సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్ అయినా నేను చెప్పేది ఒకటే. ఆ రెండు రోజుల్లో టీములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే టైమ్ ఎంత ఎక్కువుంటే ప్లాన్ అంత నిలబడుతుంది. మిగతా ఏ కార్యక్రమాన్నయినా ఆ టైమ్ కోసం కుదించండి.

[స్క్రీన్ మీద: మొదటి రోజు అజెండా]

మొదటి రోజు ఉదయం బిజినెస్ పరిస్థితి, ప్రోడక్ట్ విజన్, ఆర్కిటెక్చర్ చెప్తారు. ఆ తర్వాత టీములు బ్రేకౌట్‌కి, అంటే ఎవరి బల్ల దగ్గర వాళ్లు విడిగా కూర్చునే సెషన్‌కి, వెళ్లి డ్రాఫ్ట్ ప్లాన్ వేసుకుంటాయి. చాలా చోట్ల ఉదయం స్లైడ్లు మధ్యాహ్నం దాకా సాగి, బ్రేకౌట్‌కి మిగలాల్సిన టైమ్‌ని మింగేస్తాయి. విజన్‌ని వీడియోగా రికార్డు చేసి వారం ముందే పంపండి. హాల్లో ప్రశ్నలకు మాత్రమే టైమ్ ఇవ్వండి. పై వరసలో ఉన్న ఫీచర్లకు యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే పని పూర్తయిందని ఒప్పుకునే షరతులు, ఆ రోజుకల్లా సిద్ధంగా ఉండాలి. లేకపోతే బ్రేకౌట్ కాస్తా రిక్వైర్‌మెంట్ మీటింగ్ అయిపోతుంది.

[స్క్రీన్ మీద: 40 – 5 – 9 = 26]

ఇప్పుడు కెపాసిటీ. పాత వెలాసిటీ లెక్కలు, అంటే ఇదివరకు ఒక్కో విడతలో ఎంత పని పూర్తిచేశారన్న లెక్కలు, లేని కొత్త టీమ్‌కి సేఫ్ ఒక సులువైన పద్ధతి చెప్తుంది. పాయింట్ అంటే పని ఎంతుందో చెప్పే కొలత. స్ప్రింట్‌నే సేఫ్‌లో ఇటరేషన్ అంటారు. రెండు వారాల ఇటరేషన్‌కి ఒక్కో డెవలపర్‌కి, టెస్టర్‌కి 8 పాయింట్లు. సెలవు ఉన్న ప్రతి రోజుకీ ఒక పాయింట్ తీసేయాలి. టీమ్ ఏ పని ముందు చేయాలో తేల్చే ప్రోడక్ట్ ఓనర్‌నీ స్క్రమ్ మాస్టర్‌నీ లెక్కలోకి తీసుకోరు.

హైదరాబాద్‌లో ఐదుగురున్న టీమ్‌ని తీసుకుందాం. జనవరిలో మొదలయ్యే పీఐ. ఐదుగురికీ కలిపి 40 పాయింట్లు. సంక్రాంతికి ఆఫీసు సెలవు ఒక రోజు, ఐదు పాయింట్లు పోయాయి. ముగ్గురు ఊరెళ్తూ ఇంకో మూడేసి రోజులు సెలవు పెట్టారు, తొమ్మిది పోయాయి. మిగిలింది 26. ప్రొడక్షన్ సపోర్ట్ చూసే టీమ్ అయితే అందులోంచి ఇంకొంత పక్కన పెట్టాలి. పండగ ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు, అయినా ప్లాన్‌లో 40 అనే రాస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఆ తేడా చివరికి ఎవరో ఒకరి శనివారాల్లోంచి పోతుంది. అందుకే బ్రేకౌట్‌లో స్టోరీల (ఫీచర్‌లోని చిన్న చిన్న పనుల) జోలికి వెళ్లకముందే సెలవులు అడిగి బోర్డు మీద రాయండి. అమెరికాలో ఉన్న టీములకు నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ ఉంటుంది, వాళ్లకూ ఇదే లెక్క.

[స్క్రీన్ మీద: ప్లానింగ్ బోర్డు. అడ్డ వరసలు టీములవి, నిలువు వరసలు ఇటరేషన్లవి. కార్డుల మధ్య ఎర్ర దారాలు.]

అసలు పని ఈ బోర్డు దగ్గరే జరుగుతుంది, కాసేపు ఇక్కడే ఆగుదాం. నీలం కార్డు ఫీచర్, ఎర్ర కార్డు డిపెండెన్సీ, అంటే ఆ ఫీచర్ కోసం ఇంకో టీమ్ చేసివ్వాల్సిన పని. రెంటినీ కలుపుతూ ఎర్ర దారం.

పేమెంట్స్ వాళ్ల ఫీచర్ మూడో ఇటరేషన్‌లో ఉంది. దానికి కావలసిన ఏపీఐ కేవైసీ వరసలో నాలుగో ఇటరేషన్‌లో ఉంది. దారం వెనక్కి నడుస్తోంది, అంటే ఈ ప్లాన్ జరిగేది కాదు. ఇది కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. రెండు కార్డులూ ఒకే ఇటరేషన్‌లో ఉంటే మాత్రం చూడటానికి బాగానే ఉంటుంది. కేవైసీ వాళ్లు నాలుగు రోజులు ఆలస్యం చేస్తే చాలు, పేమెంట్స్ స్టోరీ స్పిల్‌ఓవర్ అవుతుంది, అంటే తర్వాతి ఇటరేషన్‌కి జారిపోతుంది. ఇచ్చే పని, తీసుకునే పని కంటే కనీసం ఒక ఇటరేషన్ ముందుండాలని పట్టుబట్టండి.

ఇంకో మాట. ఎర్ర కార్డు అంటించి వచ్చేస్తే డిపెండెన్సీ ఒప్పుకున్నట్టు కాదు. అడిగే టీమ్ వాళ్లు లేచి ఇచ్చే టీమ్ బల్ల దగ్గరికి వెళ్లాలి. ఏం కావాలో, ఏ ఇటరేషన్‌కి కావాలో చెప్పాలి. ఇచ్చే టీమ్ దాన్ని తన బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) స్టోరీగా రాసుకుని, తన కెపాసిటీలో దానికి చోటు చూపించాలి. అప్పుడే దారం కట్టండి. పనులు నమోదు చేసే జిరా టూల్‌లో లింక్ పెట్టేశాం కదా అంటారు కొందరు. ఆ లింక్‌ని అవతలి టీమ్ తెరిచి చూసిందా?

దారాలన్నీ ఒకే టీమ్ వైపు వెళ్తుంటే, ఆ టీమ్ మీద మోయలేనంత భారం పడిందని అర్థం. మొదటి రోజు సాయంత్రం మేనేజ్‌మెంట్ రివ్యూ ఉంటుంది, అక్కడ దీన్నే ముందుగా తేల్చాలి. ఒక ఫీచర్ వాయిదా వేయాలా, మనుషుల్ని సర్దాలా, స్కోప్ తగ్గించాలా? ఆ నిర్ణయం ఆ రాత్రే తీసుకుని పొద్దున్నే అందరికీ చెప్పాలి. టీములు రెండో బ్రేకౌట్‌లో దాన్నిబట్టి ప్లాన్ మార్చుకుంటాయి.

[స్క్రీన్ మీద: రెండు గడియారాలు. హైదరాబాద్ రాత్రి 8:30, న్యూయార్క్ ఉదయం 11:00.]

సగం టీములు అమెరికాలో ఉంటే? వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు న్యూయార్క్‌లో ఉదయం పదకొండు. రెండు వైపుల వాళ్లూ మెలకువగా, ఓపికగా ఉండే గంటలు తక్కువ. రెండు రోజుల్లో కుక్కకుండా మూడు రోజులకు పరచండి. ఎవరి బ్రేకౌట్ వాళ్లు తమ పగటి పూట చేసుకుని, కలిసే గంటల్ని డిపెండెన్సీల చర్చకే ఉంచండి. ఈసారి హైదరాబాద్ వాళ్లు రాత్రి మేల్కొంటే వచ్చే పీఐకి అవతలి వాళ్లు తెల్లవారుజామున లేవాలి. ఎప్పుడూ ఆఫ్‌షోర్ వాళ్లే సర్దుకోవడం న్యాయం కాదు.

రెండో రోజు మిగతావి త్వరగా చూద్దాం. టీములు తమ ఆబ్జెక్టివ్‌లు, అంటే ఈ పీఐలో సాధించాలనుకున్నవి, చదువుతాయి, బిజినెస్ ఓనర్లు ఒక్కోదానికి 1 నుంచి 10 దాకా విలువ ఇస్తారు. గ్యారంటీ ఇవ్వలేని పనిని అన్‌కమిటెడ్ అని విడిగా రాస్తారు. రిస్కులు ఒక్కొక్కటీ చదివి, తీరిపోయిందా, ఒకరు బాధ్యత తీసుకున్నారా, ఒప్పుకుని ముందుకెళ్తున్నామా, తగ్గించే దారి ఉందా అని తేలుస్తారు. బాధ్యత తీసుకున్న చోట మనిషి పేరు రాయండి. టీమ్ పేరు రాస్తే ఆ పని ఎవరూ చేయరు.

[స్క్రీన్ మీద: ఐదు వేళ్ల చెయ్యి]

చివర్లో కాన్ఫిడెన్స్ వోట్. ప్లాన్ మీద నమ్మకం ఎంతో ప్రతి ఒక్కరూ వేళ్లతో చూపిస్తారు. సగటు మూడు కంటే తక్కువైతే ప్లాన్ మళ్లీ సరిచేయాలి. మన ఆఫీసుల్లో డైరెక్టర్ ఎదురుగా నిలబడి ఉంటే కొత్తగా చేరిన అమ్మాయి రెండు వేళ్లు చూపించగలదా? అందుకే మూడు అంకెలు లెక్కపెట్టి అందర్నీ ఒకేసారి చెయ్యెత్తమనండి. ఒకటి, రెండు చూపించిన వాళ్లనే ముందు మాట్లాడమనండి. మేనేజర్లు అడ్డుపడకుండా వినాలని ముందు రోజే వాళ్లతో విడిగా మాట్లాడి ఉంచండి. ఆ అమ్మాయి చెప్పింది విని ఒక్క ఫీచర్ పక్కన పెట్టినా, వచ్చే పీఐలో హాలంతా నిజం చెప్తుంది.

హాలు ఖాళీ చేసే ముందు బోర్డుని ఫొటో తీసి, మొదటి ఇటరేషన్‌లో అందాల్సిన ఎర్ర కార్డుల్ని ఒక పక్క రాసుకోండి. వచ్చే వారం స్క్రమ్ మాస్టర్ల సింక్‌లో స్టేటస్ రిపోర్టుల కంటే ముందు, ఆ కార్డుల గురించి ఇచ్చే టీమ్‌నీ తీసుకునే టీమ్‌నీ ఇద్దర్నీ అడగండి.