పట్టించుకోకపోతే వెళ్లిపోయిన విలన్

యాంకర్: నమస్కారం. విశాఖ స్టూడియో నుంచి పుస్తకాల చర్చకు స్వాగతం. ఏళ్ల తరబడి నడిచే సూపర్‌హీరో కామిక్స్‌లో అప్పుడప్పుడూ ఒక సరదా కథ వస్తుంటుంది. ఆ సంచికలోనే మొదలై, అందులోనే అయిపోతుంది. ఈ వారం అలాంటిదే తీసుకున్నాం. నలుగురు సూపర్‌హీరోల జట్టు కథ ఫెంటాస్టిక్ ఫోర్, 11వ సంచిక, 1963 ఫిబ్రవరి. రచన స్టాన్ లీ, బొమ్మలు జాక్ కిర్బీ. రిటైర్డ్ తెలుగు మాస్టారు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే మేడమ్, యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి మనతో ఉన్నారు. మాస్టారూ, ముందు కథ చెప్పండి.

మాస్టారు: అందులో రెండు చిన్న కథలున్నాయమ్మా. రెండోదాంతో మొదలుపెడతాను. పాపప్ అనే గ్రహం నుంచి ఒకడు సెలవులు గడపడానికి భూమ్మీదకి దిగుతాడు. పేరు ఇంపాసిబుల్ మ్యాన్. వాళ్ల గ్రహంలో అడుగడుగునా ప్రమాదాలే కాబట్టి, ఏ రూపం కావాలంటే ఆ రూపం ఎత్తడం అక్కడివాళ్లకి అలవాటైపోయింది. ఇక్కడ హోటల్లో సుష్టుగా తింటాడు. డబ్బు కట్టాలన్న సంగతే వాడికి తెలీదు. కట్టమంటే బ్యాంకుకెళ్లి తెచ్చేసుకుంటాడు. వాడి మనసులో దొంగతనమన్న ఊహే లేదు! నలుగురు హీరోలూ మీదపడితే భయపడడు సరికదా, ఇంకా హుషారెక్కుతుంది. కొట్టినకొద్దీ కొత్త రూపం.

యాంకర్: మరి ఎలా వదిలించుకుంటారు?

మాస్టారు: జట్టు నాయకుడు రీడ్ రిచర్డ్స్ అందరికీ ఒకటే చెబుతాడు, వాణ్ణి ఎవరూ పట్టించుకోవద్దని. ఎన్ని వేషాలేసినా ఎవరూ తలెత్తి చూడరు. విసుగొచ్చి వాడే వెళ్లిపోతాడు. నలభై మంది పిల్లలున్న క్లాసులో వెనక బెంచీవాడి అల్లరికి మేం వేసే మందు ఇదేనమ్మా.

విద్యార్థిని: మాస్టారూ, నాకు ఇక్కడే తృప్తి కలగలేదు. ఎవరికీ ఏమీ కాదని మొదటి పేజీ నుంచే తెలిసిపోతోంది. టెన్షన్ లేకపోతే పేజీ ఎందుకు తిప్పాలి?

చిత్రకారిణి: వాడు తర్వాత ఏమవుతాడో చూడ్డానికి తిప్పాలమ్మా. బొమ్మలు వేసేదాన్ని కాబట్టి నాకు ఆ గడులు చూస్తే ప్రాణం లేచొస్తుంది. పెద్ద యుద్ధం నడుస్తుంటే ఆర్టిస్టు వంద మందిని, కూలే భవనాల్ని ఇరికించాలి. ఇక్కడ కిర్బీకి ఆ బాధ లేదు. ఒక గడిలో మనిషి, పక్క గడిలో ఇంకేదో. రెంటికీ మధ్య ఉన్న సన్నటి తెల్ల గీతలోనే రూపం మారిపోతుంది. ఆ మార్పుని ఆయన గీయలేదు, మన కన్నే గీసుకుంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ తెల్ల గీత మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాను.

యాంకర్: మొదటి కథ సంగతి?

విద్యార్థిని: అది నాకు చాలా నచ్చింది. అసలు విలనే లేడు. హీరోలు వీధిలో వెళ్తుంటే, తమ కామిక్ కొత్త సంచిక కోసం జనం క్యూ కట్టి ఉంటారు. ఇంటికొస్తే విల్లీ లంప్కిన్ అనే ముసలి పోస్ట్‌మ్యాన్ ఉత్తరాల మూట మోసుకొస్తాడు. నాకూ ఒక శక్తి ఉంది, నన్నూ మీలో చేర్చుకోండి అంటాడు. ఏమిటా శక్తి అంటే, చెవులు ఆడించగలడట!

మాస్టారు: బాగుంది కదూ?

విద్యార్థిని: బాగుంది. కానీ ఆ ఉత్తరాల్లోనే, నలుగురిలో ఒకే ఒక్క అమ్మాయి అయిన స్యూ వల్ల జట్టుకి ఉపయోగం లేదని కొందరు రాస్తారు. ఆమె బాధపడుతుంది. అప్పుడు రీడ్ ఏమంటాడు? లింకన్ తల్లిని గుర్తు చేస్తాడు. గొప్పవాడి వెనకుండి ధైర్యం చెప్పింది కాబట్టి గొప్పదట. స్యూ చేసిన పని ఒక్కటి చెప్పొచ్చుగా? ఆ పేజీ దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది.

చిత్రకారిణి: నీ కోపం న్యాయమే. కానీ ఒక్కటి చూడు. ఆ ప్రశ్న సరదా సంచికలోనే పైకొచ్చింది. లోకం మునిగిపోతుంటే కూర్చుని ఉత్తరాలు చదివే తీరిక ఎవరికుంటుంది? 1964 జనవరిలో 22వ సంచిక వచ్చింది. కంటికి కనపడని కవచం సృష్టించే శక్తి స్యూకి వచ్చింది అందులోనే. తర్వాత్తర్వాత జట్టుని కాపాడింది ఆ కవచమే.

విద్యార్థిని: అయితే జవాబు పదకొండు నెలల తర్వాత వచ్చిందన్నమాట. సరే మేడమ్, ఒప్పుకుంటాను.

మాస్టారు: విడి కథ అనగానే నాకు చందమామ బేతాళ కథలే గుర్తొస్తాయి. విక్రమార్కుడు చెట్టు దగ్గరకెళ్లడం, శవాన్ని భుజానేసుకోవడం, మౌనం చెడగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కడం, ఇదంతా ప్రతి నెలా ఉండేదే. మధ్యలో కథ మాత్రం కొత్తది. పోయిన నెల సంచిక దొరకలేదని ఏ పిల్లాడూ ఏడవక్కర్లేదు. పాత పాతిక కథలూ అయిపోయాక కూడా కొత్తవి రాయిస్తూ దశాబ్దాలు నడిపారు.

చిత్రకారిణి: శంకర్ గారి ఆ బొమ్మ ఒక్కటి చాలదూ! చేతిలో కత్తి, భుజాన శవం. ముందేం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

విద్యార్థిని: ఇది మాత్రం నా అనుభవం. ఇక్కడే బీచ్ రోడ్డు వైపు ఒక షాపులో మా తమ్ముడికి లావుపాటి సూపర్‌హీరో పుస్తకం కొన్నాను. నాలుగు పేజీలు చదివి, 'అక్కా, వీడెవడు? వాడెందుకు చచ్చాడు?' అని అడుగుతూనే ఉన్నాడు. నాకూ తెలీదు. పుస్తకం మూలన పడింది. మొన్న ఈ 11వ సంచిక చదివి వినిపించాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తర్వాత అద్దం ముందు నిలబడి చెవులు ఆడించడానికి చూస్తున్నాడు.

యాంకర్: ఇంతకీ ఇంపాసిబుల్ మ్యాన్ మళ్లీ వచ్చాడా?

మాస్టారు: అప్పటి పాఠకులకు వాడు పెద్దగా ఎక్కలేదమ్మా. అందుకే 1976 దాకా, అంటే పదమూడేళ్లు, మళ్లీ వాణ్ణి పిలవలేదు. ఆ తర్వాత మాత్రం వస్తూనే ఉన్నాడు.

యాంకర్: మరి ఆ పోస్ట్‌మ్యాన్?

చిత్రకారిణి: 2005లో ఫెంటాస్టిక్ ఫోర్ సినిమా తీసినప్పుడు విల్లీ లంప్కిన్ వేషం వేసింది స్వయంగా స్టాన్ లీ. అన్ని వందల పాత్రలు రాసిన మనిషి, ఉత్తరాలు పట్టుకుని వాళ్ల గుమ్మంలోకి తనే వచ్చాడు.