కడుపుతో ఉన్నప్పుడు కోవిడ్ టెస్ట్: ఒక్క నెగెటివ్ చూసి ఊరుకోకండి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఇవాళ టేబుల్ మీద రెండు ప్లాస్టిక్ ముక్కలు పెట్టాం, కెమెరాకి దగ్గరగా జరుపుతున్నాం చూడండి. ఎడమవైపుది ప్రెగ్నెన్సీ టెస్ట్. కుడివైపుది కోవిడ్ హోమ్ టెస్ట్. అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి కదా? నిజంగానే రెండూ ఒక ఇంటివే. లోపల ఉన్నది ఒకే రకం పట్టీ. ఒక చివర వేసిన తడి దాని మీదుగా పాకుతూ పోతుంది, వెతుకుతున్నది దొరికితే గీత పడుతుంది. మొదటిది హెచ్‌సీజీ హార్మోన్‌ని వెతుకుతుంది, రెండోది వైరస్‌లోని న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్‌ని.

ఈ చుట్టరికం గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. ప్రెగ్నెన్సీ టెస్ట్ మరీ తొందరపడి చేసుకుంటే నెగెటివ్ వచ్చి, రెండు రోజులాగి చేస్తే పాజిటివ్ రావడం చాలామందికి తెలిసిందే. హార్మోన్ అప్పటికి పెరిగి ఉంటుంది, అంతే. కోవిడ్ కూడా అంతే. మొదటి రోజు ముక్కులో వైరస్ తక్కువగా ఉంటే పట్టీకి అందదు. అందుకే లక్షణాలున్నవాళ్లు నెగెటివ్ వస్తే 48 గంటలాగి ఇంకోసారి చేసుకోవాలి. లక్షణాలేమీ లేకుండా, ఎవరినో కలిశామన్న అనుమానంతో చేసుకునేవాళ్లయితే 48 గంటల తేడాతో మొత్తం మూడు. మందులకీ టెస్ట్ కిట్లకీ అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టు నుంచి చెబుతున్న లెక్క ఇదే. కలిసిన మర్నాడే చేసుకుంటే మాత్రం కిట్ దండగ. ఐదు రోజులు పూర్తయ్యాక మొదలుపెట్టండి. ఈలోపు లక్షణాలు కనిపిస్తే ఇక ఆగనక్కర్లేదు, వెంటనే చేసుకోండి.

అసలు ఎప్పుడు అనుమానపడాలి అన్నదే గర్భిణులకి పెద్ద చిక్కు. ముక్కు దిబ్బడ, మెట్లెక్కితే ఆయాసం, పొద్దస్తమానం నీరసం, ఇవన్నీ కోవిడ్ లేని మామూలు గర్భంలోనూ ఉండేవే. హార్మోన్ల వల్ల ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది, ఊపిరి కాస్త ఎక్కువగా తీసుకోవాల్సి వస్తుంది. కానీ జ్వరం, కొత్తగా మొదలైన దగ్గు, గొంతు నొప్పి, వాసన తెలియకపోవడం... వీటిని కడుపు మీదకి నెట్టేయకండి. అవి వస్తే టెస్టే.

ఇక కిట్ విప్పుదాం. ముందు తేదీ చూసుకోండి. తర్వాత వేడి. చాలా కిట్లు 15 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య గదిలో చేయాలి. చలికాలంలో బయట పోస్ట్ బాక్స్‌లో గంటల తరబడి పడి ఉన్న పెట్టె అయితే, విప్పకుండా ఇంట్లో పెట్టి గది వేడికి వచ్చేదాకా ఆగండి. ఈ వెండి రంగు కవర్ చివర్లో చించాలి. ముందే చించి పక్కన పెడితే గాలిలో తేమ పట్టీకి అంటుకుంటుంది.

చేతులు కడుక్కుని ఆరనివ్వండి. ముక్కు మెల్లగా చీది, టిష్యూ పారేయండి. ఇప్పుడు స్వాబ్, అంటే దూది పుల్ల. దూది ఉన్న చివర దేనికీ తగలకూడదు, వేలికి కూడా. చూపిస్తున్నాం చూడండి, లోపలికి వెళ్లేది ఇంతే, దాదాపు రెండు సెంటీమీటర్లు. ఆస్పత్రిలో గొంతు వెనకదాకా పెట్టే పొడుగు పుల్ల వేరు, ఇది వేరు. గోడకి ఆనించి ఐదు చుట్లు, నెమ్మదిగా, పదిహేను సెకన్లు. అదే పుల్లతో రెండో ముక్కులోనూ అంతే. ముక్కు మధ్యలో ఖాళీలో గిర్రున తిప్పేసి తీసేస్తే పుల్లకి ఏమీ అంటదు. తప్పుడు నెగెటివ్‌లకి ఇదొక పెద్ద దారి.

పుల్లని ట్యూబ్‌లోని ద్రవంలో ముంచి, కిట్ చెప్పినన్ని సార్లు తిప్పి, తీసేటప్పుడు ట్యూబ్ గోడల్ని వేళ్లతో నొక్కి పిండండి. దూదిలో మిగిలిపోయిన తడిలోనే అసలు సరుకు ఉంటుంది. తర్వాత చుక్కలు. కొన్ని కిట్లకి మూడు, కొన్నింటికి నాలుగు, కాగితంలో ఎన్ని రాస్తే అన్నే. మొదట బుడగ వస్తే అది చుక్క కాదు, లెక్కలోకి తీసుకోకండి. తక్కువ వేస్తే తడి పైదాకా పాకదు, టెస్ట్ సరిగ్గా పనిచేసిందని చెప్పే సీ (కంట్రోల్) గీతే రాదు. సీ దగ్గర గీత లేకపోతే, వైరస్ ఉంటే గీత పడే టీ (టెస్ట్) దగ్గర ఏమున్నా ఆ టెస్ట్ చెల్లదు, కొత్తది తీయాల్సిందే.

ఫోన్‌లో టైమర్ పెట్టండి. చాలావాటికి 15 నిమిషాలు. ఐదో నిమిషంలో చూసి నెగెటివ్ అని పడేయకండి, గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసి గాభరా పడకండి. గడువు దాటాక ఆరిపోయిన పట్టీ మీద లేని గీతలు కనిపిస్తాయి. గడువులోపల మాత్రం టీ దగ్గర ఎంత పల్చటి గీత పడినా పాజిటివే. లైట్ కింద పెట్టి, జూమ్ చేసి, ఇంటిల్లిపాదీ ఓటింగ్ పెట్టుకోనక్కర్లేదు.

కడుపుతో ఉన్నవాళ్లకి ముక్కు నుంచి రక్తం రావడం మామూలే కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. 24 గంటల్లో ఒక ముక్కు నుంచి రక్తం వచ్చి ఉంటే రెండో ముక్కులోంచి తీసుకోండి, కిట్ అందుకు ఒప్పుకుంటేనే. పుల్లకి రక్తం బాగా అంటుకుంటే ఆ నమూనా వదిలేయడం మంచిది. గొంతులోంచి తీసే కిట్ అయితే వాంతి సమస్య. కడుపు తిప్పే వేళ కాకుండా, తిని తాగి కనీసం అరగంట అయ్యాక చేసుకోండి. ముక్కు కిట్ దొరికితే అదే తీసుకోండి, ఎందుకొచ్చిన బాధ. పెట్టె మీద ముక్కు అని ఉంటే ఆ పుల్లని గొంతులో పెట్టే సొంత ప్రయోగాలు వద్దు.

చాలామందికి తట్టని సంగతి బయోటిన్ అనే విటమిన్. కొన్ని కిట్ల రసాయనంలో బయోటిన్ కూడా ఒక కొక్కెంలా పనిచేస్తుంది. ఒంట్లో అది మరీ ఎక్కువైతే ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. గర్భిణులకి ఇచ్చే మామూలు విటమిన్ మాత్రలో ఉండేది మైక్రోగ్రాముల్లో పదులో వందలో, దాంతో భయం లేదు. జుట్టుకీ గోళ్లకీ అని విడిగా అమ్మే 5,000, 10,000 మైక్రోగ్రాముల మాత్రలతోనే ఆలోచించాలి. కిట్ కాగితంలో బయోటిన్ మాట ఉందేమో చదవండి, వేసుకుంటుంటే డాక్టర్‌కి చెప్పండి.

ఇంకో జాగ్రత్త. ఈ చిన్న ట్యూబ్ అచ్చం కంటి చుక్కల సీసాలా ఉంది. పొరపాటున కంట్లో వేసుకున్నవాళ్లున్నారని ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. చిన్న పిల్లలున్న ఇల్లయితే పని అవగానే అన్నీ సంచిలో కట్టి పారేయండి.

టెస్ట్ వల్ల బిడ్డకి ఏమైనా అవుతుందా అని అడుగుతారు. పుల్ల ముక్కు దాటదు, ఒంట్లోకి మందేదీ వెళ్లదు. గర్భం వల్ల ఫలితం తారుమారు కూడా కాదు.

రెండుసార్లు నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే ల్యాబ్‌లో చేసే పీసీఆర్ టెస్ట్ అడగండి. అది వైరస్ ఆర్‌ఎన్‌ఏని కాపీల మీద కాపీలు తీసి వెతుకుతుంది, కొంచెమున్నా పట్టుకుంటుంది. దాని బలమే దాని లోపం. తగ్గిపోయాక కూడా 90 రోజుల వరకు పాజిటివ్ చూపించవచ్చు. ఈమధ్యే కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు మళ్లీ అనుమానపడితే యాంటిజెన్ టెస్టే, అంటే ఇంట్లో చేసుకునే ఈ పట్టీ టెస్టే మేలు. రక్తంలో యాంటీబాడీ టెస్ట్ ఇప్పుడున్న జబ్బుని తేల్చదు, దాని జోలికి పోకండి.

సరే, రెండు గీతలు వచ్చాయి. వెంటనే ఫోటో తీసి, పక్కనే లక్షణాలు మొదలైన తేదీ రాసుకోండి. పాజిటివ్ వచ్చిన తేదీ కాదు, మొదటిసారి గొంతు గరగరలాడిన తేదీ. మందుల గడియారం అక్కడినుంచే తిరుగుతుంది. పాక్స్‌లోవిడ్ మాత్రలు ఐదు రోజుల్లోపు మొదలుపెట్టాలి, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లు ఏడు రోజుల్లోపు. కోవిడ్ ముదిరితే గర్భిణులకి ఐసీయూ ముప్పు, నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు ఎక్కువ కాబట్టి, గర్భం ఉందన్న కారణంతోనే ఈ రెండింటినీ ఆపాల్సిన పనిలేదు. మోల్నుపిరావిర్ అనే ఇంకో కోవిడ్ మందు మాత్రం గర్భంలో వాడరు. పాక్స్‌లోవిడ్‌లోని రిటోనావిర్ చాలా మందులతో గొడవ పడుతుంది. బీపీకి వాడే నిఫెడిపిన్‌తోనూ, కాన్పు తర్వాత రక్తస్రావానికి ఇచ్చే మెథర్జిన్‌తోనూ. అందుకే ఫోన్‌లో నర్సుకి చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి: ఎన్నో వారం, లక్షణాలు ఏ రోజు మొదలయ్యాయి, ఏ టెస్ట్, ఆక్సిజన్ ఎంత, మింగుతున్న ప్రతి మాత్ర పేరు.

జ్వరానికి పారాసిటమాల్, డాక్టర్ చెప్పిన మోతాదులో. కొన్ని దేశాల్లో దాన్నే ఎసిటమినోఫెన్ అంటారు. విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్ర ఒకటి, అక్కడ కొన్న జలుబు సిరప్ ఇంకోటి కలిపి వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. 20 వారాలు దాటాక ఐబుప్రోఫెన్ సొంతంగా వద్దు.

వేలికి తగిలించి ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటర్ పెట్టేముందు ఐదు నిమిషాలు కూర్చోండి, గోళ్ల రంగు తీసేయండి, చెయ్యి వెచ్చగా ఉండాలి. మామూలు పెద్దవాళ్లకి సరిపెట్టుకునే అంకె గర్భిణికి చాలదు. 95 కంటే తగ్గితే వెంటనే ఫోన్ చేయాలి. ముదురు రంగు చర్మం మీద ఈ మిషన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి 95 ఉన్నా ఆయాసం పెరుగుతుంటే అంకెని కాకుండా ఆయాసాన్నే నమ్మండి. బిడ్డ కదలికలు తగ్గినా అంతే, ఆగకండి.

ఆస్పత్రిలో ఛాతీ ఎక్స్‌రే అంటే వద్దని మొండికేయకండి. బిడ్డకి చేరే రేడియేషన్ 0.01 మిల్లీగ్రేకి (మిల్లీగ్రే అంటే రేడియేషన్ కొలత) మించదు. హాని గురించి మాట్లాడుకునే స్థాయి 50 మిల్లీగ్రేల దగ్గర. రక్తపరీక్షల్లో, రక్తం గడ్డకట్టడం గురించి చెప్పే డీ-డైమర్ ఎక్కువుందని గూగుల్ చేసి భయపడకండి, గర్భంలో అది ఎలాగూ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గి, లివర్ ఎంజైములు పెరిగితే మాత్రం అది కోవిడ్ వల్లా, బీపీ జబ్బు వల్లా అన్నది డాక్టర్లు తేల్చాల్సిందే.

కాన్పు గదిలో అందరికీ టెస్ట్ ఎందుకు మొదలుపెట్టారంటే, 2020 మార్చి, ఏప్రిల్‌లలో న్యూయార్క్‌లో కాన్పుకి వచ్చిన 215 మందిలో 33 మంది పాజిటివ్, అందులో 29 మందికి ఒక్క లక్షణమూ లేదు. ఆ రోజులు పోయాయి, ఇప్పుడు ఆస్పత్రిని బట్టి పద్ధతి మారింది. మీ దగ్గర ఎలాగో ముందే అడగండి. కాన్పు వేళకి తల్లి పాజిటివ్ అయితే, పుట్టిన 24 గంటలకి బిడ్డ ముక్కులోంచి ఒక నమూనా, అది నెగెటివ్ అయితే 48 గంటలకి మరొకటి తీయాలని మహమ్మారి రోజుల్లో సూచనలుండేవి. బిడ్డ విషయంలోనూ మొదటి నెగెటివ్‌తో ఊరుకునేవారు కాదు.