కాళ్లాడకపోతే మునకే: క్రిల్ ఈతపై చర్చ

యాంకర్: అంటార్కిటికా సముద్రంలో చాలా తిమింగలాలు, పెంగ్విన్లు పొట్ట నింపుకునేది ఎక్కువగా క్రిల్‌తోనే. చూస్తే రొయ్యపిల్లలా ఉంటుంది. మేడమ్, నీళ్లలో పుట్టింది ఈదక ఏం చేస్తుంది? అందులో వింతేముంది?

జీవశాస్త్రవేత్త: దానికి ఆగే వీల్లేదండీ. ఒళ్లు నీటికంటే బరువు. చాలా చేపలకున్నట్టు గాలితిత్తి లేదు. కాళ్లాడించడం ఆపితే మునుగుతుంది. ఆరు సెంటీమీటర్ల ప్రాణి, ఐదారేళ్ల ఆయుష్షు. ఆ బతుకంతా దాదాపు ఈతే.

ఇంజినీర్: పొట్ట కింద ఐదు జతల ఈతకాళ్లుంటాయి. అన్నీ ఒక్కసారి కొట్టవు. ముందు చివరి జత తోస్తుంది, వెంటనే దాని ముందు జత, అలా అల తల వైపు పాకుతుంది. నేను మొదట్లో రివర్స్‌లో అనుకున్నాను! ఒక జత వెనక్కి తోస్తుంటే ఇంకో జత మడుచుకుని ముందుకొస్తుంటుంది. అందుకే తోపు ఎక్కడా తెగదు.

యాంకర్: అంత చిన్న కాళ్లను ఎలా చూశారు సార్?

ఇంజినీర్: హైస్పీడ్ కెమెరాలతో. తొట్టి నీళ్లలో సన్నటి రేణువులు కలిపి, లేజర్ వెలుగును పల్చటి పలకలా పరుస్తారు. రేణువులు ఎటు పోతే నీరు అటు పోతున్నట్టు. 2023లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు క్రిల్ కాలును పది రెట్లు పెద్దది చేసి ప్లియోబాట్ అనే రోబో చేశారు.

యాంకర్: బతికున్నది ఉండగా రోబో ఎందుకు?

ఇంజినీర్: "ఈ కాలు కాస్త ఆలస్యంగా కొట్టు" అని క్రిల్‌కి చెప్పలేం కదండీ! (నవ్వులు)

యాంకర్: తొట్టిలో ఈత, సముద్రంలో ఈత ఒకటేనా మేడమ్?

జీవశాస్త్రవేత్త: నా పేచీ కూడా అదే. గుంపును తొట్టిలో పట్టించలేం. సముద్రంలో మాకు దిక్కు ఎకో సౌండర్. ఓడ నుంచి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎంత క్రిల్ ఉందో లెక్క కడతాం. కానీ ఉన్నచోటే తేలుతున్న క్రిల్ తల పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది, వేగంగా పోయేది అడ్డంగా సాగుతుంది. ఒంటి వాలు మారితే ప్రతిధ్వని మారుతుంది. వాలు తప్పుగా ఊహిస్తే లెక్కే తప్పు. క్రిల్ వేట పరిమితులు ఆ లెక్క మీదే ఆధారపడతాయి మరి.

యాంకర్: వల వేసి లెక్కపెట్టొచ్చుగా?

జీవశాస్త్రవేత్త: వల దగ్గరికి రాగానే తోకతో ఒక్క దెబ్బ కొట్టి వెనక్కి దూసుకుపోతాయి. దొరికినవాటిని నమ్ముకుంటే లెక్క తక్కువే వస్తుంది.

ఇంజినీర్: పైగా అవి ఎప్పుడూ పైనే ఉండవు. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర మూడు వేల మీటర్ల లోతున, సముద్రపు అడుగున మేస్తూ రిమోట్ వాహనం కెమెరాకి చిక్కాయి. ఆ సంగతి 2008లో బయటికొచ్చింది.

యాంకర్: అంత లోతుకు ఓడ శబ్దం అందుతుందా?

జీవశాస్త్రవేత్త: క్రిల్ కోసం వాడే 120 కిలోహెర్ట్జ్ శబ్దం కొన్ని వందల మీటర్లకే నీరసించిపోతుంది. అడుగున మేస్తున్నవి మా లెక్కలోకే రావు.