కిటికీ తెర కదిలింది

అందరికీ నమస్కారం.

లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్. మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజుల నుంచీ ఫ్రాన్స్‌కు చెందిన ఒకావిడ పదేపదే అక్కడికి వచ్చి బయట నిలబడేది. వయసు యాభై దాటింది. ఒకరోజు పైన ఓ కిటికీ తెర కదిలింది. గాలికి కదిలిందో, పనివాళ్లు జరిపారో! ఆవిడకు మాత్రం అది ఐదో జార్జి రాజు ప్రేమతో తనకు చేసిన సైగ. అప్పట్లో మనకూ ఆయనే చక్రవర్తి లెండి.

లండన్‌లో బస దొరకలేదు. రాజుగారే దొరకనివ్వలేదంది. పెట్టె పోయింది, అందులో డబ్బూ ఆయన ఫొటోలూ ఉన్నాయి. అదీ ఆయన పనే. అయినా ప్రేమ మాత్రం నిజమేనట! పారిస్ పోలీసు శాఖ వైద్యుడు క్లెరాంబో 1921లో ఈ కేసు వివరించాడు. ఫలానావాళ్లు తనను ప్రేమిస్తున్నారని లేని ప్రేమను గట్టిగా నమ్మే ఈ మానసిక జబ్బును ఎరోటోమేనియా అంటారు, దీనికి ఆయన పేరు కూడా ఉంది. ముందు ఆశ, తర్వాత ఉక్రోషం, చివరికి పగ అన్నాడు. అందరూ పగదాకా వెళ్లరు.

మన పేపర్లు 'ప్రేమోన్మాది' అని రాసేవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. వన్ సైడ్ లవ్ కూడా ఇది కాదు. వన్ సైడ్ లవ్‌లో ఉన్నవాడికి అవతలి మనిషి ప్రేమించట్లేదని తెలుసు, అందుకే బాధపడతాడు. ఇక్కడ పేషెంట్ మాట వేరు: "నేను కాదండీ, ముందు మొదలుపెట్టింది ఆయనే." నంబర్ బ్లాక్ చేశాడా? ఇంట్లోవాళ్లకు భయపడి చేశాడు. కేసు పెట్టాడా? నన్ను పరీక్షిస్తున్నాడు. కాదన్న ప్రతి మాటా అవుననే వినబడుతుంది. మిగతా విషయాల్లో మనిషి మామూలుగానే ఉండొచ్చు. వంట, ఉద్యోగం, చీటీల లెక్క, అన్నీ సరిగ్గానే ఉంటాయి. అందుకే ఇంట్లోవాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

తెలిశాక మనవాళ్లు చేసే మొదటి పని పెళ్లి సంబంధాలు చూడటం. దయచేసి ఆ పని చేయకండి. ఇంకో ఇంటి పిల్లనో పిల్లాడినో ఇందులోకి లాగడమే అవుతుంది. వాదించినా లాభం లేదు, వాళ్ల ప్రేమకు అడ్డుపడే కుట్రలో మీరూ భాగమని అనుకుంటారు. "నిద్ర పట్టట్లేదుగా, టెన్షన్ పడుతున్నావుగా, ఒకసారి డాక్టర్‌కి చూపిద్దాం" అని తీసుకెళ్లండి. ఆ మాట అబద్ధం కూడా కాదు. ఒక్కోసారి దీని వెనక స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మరో మానసిక జబ్బు ఉంటుంది, అది డాక్టరే తేల్చాలి. మందులున్నాయి. నమ్మకం పూర్తిగా పోకపోయినా, దాని పట్టు సడలితే మనిషి ఎవరి గేటు ముందూ నిలబడకుండా ఇంట్లో ఉండగలడు.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరసకు ఇవ్వండమ్మా.