ఆట మధ్యలో ఒక చిన్న కప్పు

అందరికీ నమస్కారం. కొత్త ఆటల గురించి చెబుతానని వచ్చినవాళ్ళు కాసేపు ఓపిక పట్టండి, ముందు ఒక సీసా గురించి చెప్పాలి.

ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతం, కాన్ అనే ఊళ్ళో రెండేళ్ళు చదువుకున్నాను. శుక్రవారం రాత్రుళ్ళు ఐదుగురం చేరి బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్ళం, ఎక్కువగా మెమోర్ 44. 1944 జూన్ 6న అమెరికా సైన్యాలు దిగిన ఒమాహా బీచ్ లాంటి రెండో ప్రపంచయుద్ధపు పోరాటాలను బల్ల మీద పరిచి ఆడే ఆట అది. అసలు బీచ్ మా గదికి కారులో గంట కూడా పట్టదు. ఆడుతుంటే టెన్షన్ బాగా పెరిగేది, డైస్ కలిసిరాని రోజు గొంతులు లేచేవి.

ఒక చలికాలం రాత్రి మాలో ఒకడు లేబుల్ లేని సీసా తెచ్చాడు. వాళ్ళ తాత కాయించిన ఆపిల్ బ్రాందీ. అంగట్లో కొంటే దాన్ని కాల్వడోస్ అంటారు, ఇంటిదాన్ని మాత్రం పల్లెల్లో 'గూత్' అంటారు, అంటే చుక్క. ఆ ప్రాంతంలో సైడర్‌ను, అంటే పులియబెట్టిన ఆపిల్ రసాన్ని, బట్టీ పెట్టిన సంగతి జిల్ ద గూబెర్‌విల్ అనే జమీందారు 1553లోనే తన దినచర్య పుస్తకంలో రాసుకున్నాడు. అక్కడ చలికాలంలో బట్టీవాడు బండి మీద రాగి బట్టీ పెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. రైతులు తమ సైడర్ తెచ్చి కాయించుకునేవాళ్ళు. ఏడాదికి 10 లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ వరకు పన్ను ఉండేది కాదు, ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. 1960లో ప్రభుత్వం ఆ వారసత్వాన్ని ఆపేసింది. అప్పటికే హక్కున్నవాళ్ళకు బతికున్నంత కాలం, వాళ్ళ తర్వాత భార్యకో భర్తకో, అంతే. మావాడి తాత పోయాక ఆ హక్కు నానమ్మకు వచ్చింది, ఆమెతోనే ఆగిపోతుంది. సొంత పళ్ళతో ఇప్పుడూ కాయించుకోవచ్చు. కానీ మళ్ళీ కాయించే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

5 శాతం ఆల్కహాల్ ఉన్న సైడర్ సుమారు 14 లీటర్లు కాస్తే, 70 శాతం ఉన్న సారా ఒక్క లీటరు దిగుతుంది. మొదట దిగేదాన్నీ చివర దిగేదాన్నీ పక్కన పెట్టి నడిమిదే ఉంచుకుంటారు. అప్పటికి అది నీళ్ళలా తెల్లగా ఉంటుంది, ఆ బంగారు రంగు ఏళ్ళ తరబడి ఓక్ పీపాలో ఉండటం వల్ల వచ్చేదే.

అలాంటిదాన్ని ఆట మొదట్లోనే మూత తీసి గటగటా తాగేస్తారా? నానమ్మ అతనికి పద్ధతి చెప్పి పంపింది. సగం ఆట అయ్యాక ఆపి, కాఫీ పెట్టి, కాఫీ పూర్తిగా తాగేసి, కప్పు కడక్కుండా ఆ వెచ్చదనంలోనే కొంచెం పొయ్యాలి. దాన్ని రాన్సెత్ అంటారు, కప్పు తొలపడం అన్నమాట. ముందు ఆపిల్ వాసన, తర్వాత కాఫీ చేదు, ఆ తర్వాత గొంతులో మంట. మాలో ఒకమ్మాయి మందు ముట్టదు. ఆమె కోసం అతను అదే తోట ఆపిల్ జ్యూస్ వేరే సీసాలో తెచ్చి, అలాంటి కప్పులోనే పోశాడు. ఎందుకు తాగవని ఎవరూ అడగలేదు.

ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. మన దగ్గర ఆటకు కూర్చున్నప్పుడు బాటిల్ మొదటి నుంచీ బల్ల మీదే ఉంటుంది. వద్దన్నవాణ్ణి ఒక్క పెగ్గేగా అని బతిమాలతాం, పదింటికల్లా రూల్స్ ఎవరికీ గుర్తుండవు, అలిగి వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ రారు. అలా విడిపోయిన గ్రూపు నాకు తెలుసు. కాన్‌లో ఆ కప్పు చేతిలో ఉన్న పావుగంట ఎవరం ఆట మాట ఎత్తేవాళ్ళం కాదు. తాత తోట గురించి, పొడవాటి ఆపిల్ చెట్ల కింద మేసే ఆవుల గురించి, మా ఊళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. తిరిగి బల్ల దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గేవి. ఆ సీసా మాకు వసంతం దాకా వచ్చింది.

ఇవాళ నేనూ ఒక సీసా తెచ్చాను. ఇది కొన్నదే, కాల్వడోస్‌లో దొంఫ్రొంతే అనే రకం, ఇందులో కనీసం 30 శాతం పియర్ పండు ఉంటుంది. ఎనిమిదింటికి ఆట ఆపుదాం. కావాల్సినవాళ్ళు కాఫీ తాగి కప్పు కడక్కుండా ఉంచుకోండి. మిగతావాళ్ళకు ఆపిల్ జ్యూస్ ఉంది. బండి నడిపేవాళ్ళకు మాత్రం జ్యూసే.