వర్క్‌షీటు కింద ఉన్న పేరు

శ్రోతలకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరిచాక హైదరాబాదులో ఏ జిరాక్స్ షాపు దగ్గరికి వెళ్లినా ఒకరిద్దరు టీచర్లు కనిపిస్తారు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌ను పిల్లల కోసం, చాలాసార్లు సొంత డబ్బులతోనే కాపీలు తీయిస్తుంటారు. ఆకు బొమ్మ, దాని ఈనెలు, కింద ఐదు ప్రశ్నలు. అడుగున చిన్న అక్షరాల్లో ఆ బొమ్మ గీసిన టీచరు పేరు. ఆ వరుసను కత్తిరించి కాపీలు తీయించడం మనకు బాగా అలవాటైపోయింది. ఈ అలవాటు గురించే నా బాధంతా.

చట్టం టీచర్లను బెదిరించేది కాదని ముందే చెప్పాలి. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, పాఠం చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ ఒక రచనను కాపీ చేసుకోవచ్చు. ప్రశ్నపత్రంలోనూ వాడుకోవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు కేసు వేసినప్పుడు, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే చూసింది. కాబట్టి క్లాసులో పంచే కాగితానికి టెన్షన్ అక్కర్లేదు. అదే కాగితాన్ని గైడులో అచ్చేసి అమ్మినా, సొంత యూట్యూబ్ చానల్లో పెట్టుకున్నా అది వేరే సంగతి. అక్కడ అనుమతి కావాలి.

మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు. 2013తో ఆ గడువు తీరింది కనుక ఆయన రచనలను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. 1987లో వెళ్లిపోయిన దాశరథిగారి కవితలకు 2047 చివరి దాకా హక్కులుంటాయి.

ఇక క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. 2002 నుంచి ఉన్నాయి. నా పేరు చెప్పి వాడుకోండి, పంచుకోండి అని తయారుచేసినవారే ముందుగా ఇచ్చే అనుమతి ఇది. తెలుగు వికీపీడియా వ్యాసాలు ఇలాంటి లైసెన్సుతోనే వస్తాయి. వాటిని మార్చి పంచితే, మనం పంచేది కూడా అదే లైసెన్సు కింద ఉండాలి. కొన్ని లైసెన్సుల్లో ‘మార్పులు చేసి పంచకూడదు’ అని ఉంటుంది. మన టీచర్లు చిక్కుకునేది ఇక్కడే. ఇంగ్లిషు వర్క్‌షీటును తెలుగులోకి మార్చడం కూడా మార్పే. అలాంటిదాన్ని అనువదించి గ్రూపులో పెట్టే ముందు, చేసినవారికి ఒక మెసేజ్ పెట్టి అడగండి. అడిగితే సంతోషంగా ఒప్పుకునేవాళ్లే ఎక్కువని నా నమ్మకం.

టీచర్లు తమ హక్కును కూడా తెలుసుకోవాలి. ఉద్యోగంలో భాగంగా చేసిన పనిపై కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, మామూలుగా యాజమాన్యానిదే. అయినా ఇది నేను చేసింది అని చెప్పుకునే హక్కు చేసినవారిదే. 57వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, స్కేలు పట్టుకుని కూర్చుని తయారుచేసిన కాగితం మీద మరెవరి ముద్రో కనిపిస్తే ఆ టీచరు మనసు ఎంత చివుక్కుమంటుందో ఆలోచించండి.

ఈసారి గ్రూపులో పేరు లేని పీడీఎఫ్ వస్తే, ముందుకు పంపే ముందు ‘ఇది ఎవరు చేశారు సార్, మేడమ్?’ అని అక్కడే అడగండి. మీరు చేసిన వర్క్‌షీటయితే మీ పేరు, సంవత్సరం, ఎవరు ఎలా వాడుకోవచ్చో పైనే, శీర్షిక పక్కనే రాయండి.

సెలవు.