మిలిటరీ నర్సు అంటే ఎవరు? మా అమ్మమ్మ చేసిన యుద్ధం

నమస్కారం. మా అమ్మమ్మ రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ నర్సుగా పనిచేశారని చెబితే, కోనసీమలోని మా బంధువులు సైతం "అంటే, గాయాలకు కట్లు కట్టేవారన్నమాట" అని ఊరుకుంటారు. తొంభై ఏళ్లు దాటి బతికిన మనిషి జీవితంలోని అతి కఠినమైన కాలాన్ని ఇలా ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. యుద్ధమంటే తుపాకులేనని, నర్సు దానికి బయట ఉంటుందని అనుకోవడమే ఈ పొరపాటుకు మూలం.

1942 మార్చిలో బర్మా రాజధాని రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అక్కడ పొట్టపోసుకుంటున్న మన జిల్లాలవారు ఎందరో కొండలు, అడవులు దాటి ప్రాణాలు దక్కించుకోవలసి వచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడపైనా బాంబులు వేశాయి. అమ్మమ్మ నర్సు శిక్షణ ముగించుకుని సైన్యంలో చేరింది ఆ రోజుల్లోనే.

ఇక అసలు విషయం. కోనసీమలో పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి దాటించే లొల్ల లాకులు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పై మట్టం నుంచి వచ్చిన పడవను లాకులో నిలిపి, వెనక తలుపులు మూసి, నీటిని నెమ్మదిగా దించి, మట్టం సమమైన తరువాతే ముందు తలుపులు తీస్తారు. గాయపడిన సిపాయి ప్రయాణమూ అంతే. పటాలం దగ్గర ప్రథమ చికిత్స చేసే ఎయిడ్ పోస్టు మొదటి లాకు, గాయాలకు కట్లు కట్టి నిలకడ చేసే డ్రెస్సింగ్ స్టేషన్ రెండోది, అత్యవసర ఆపరేషన్లు చేసే క్యాజువల్టీ క్లియరింగ్ స్టేషన్ మూడోది, ఆ తరువాత పెద్ద ఆస్పత్రి. తొందరపడి తలుపులు తీస్తే పడవ తిరగబడినట్టే, నెత్తురు ఆగని మనిషిని బండి ఎక్కిస్తే ప్రాణం దారిలోనే పోతుంది. పంపాలా, ఉంచాలా అన్నది డాక్టరు నిర్ణయమే అయినా, రాత్రంతా నాడి, ఒంటి వేడి చూసి ఆయనకు చెప్పేది నర్సే. అమ్మమ్మ కాచిన లాకు అస్సాంలో ఉండేది.

అయితే ఆ లాకుల దగ్గర రద్దీ ఎక్కువగా తూటా దెబ్బలది కాదు, మలేరియా వంటి జబ్బులది. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కరికి జబ్బుపడి వచ్చినవారు 120 మంది అని బర్మా రంగంలో జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ వారి ‘పద్నాలుగో సైన్యం’ అధిపతి విలియం స్లిమ్ లెక్క చెప్పారు. జ్వరం వచ్చినవాణ్ణి వందల మైళ్లు వెనక్కి పంపితే నెలల తరబడి తిరిగి రాడు. అందుకే మలేరియా చికిత్స కేంద్రాలను యుద్ధరంగానికి దగ్గరగా జరిపారు. అంటే లాకునే ఎగువకు తెచ్చారు. సిపాయి కొద్ది వారాల్లోనే తన పటాలానికి చేరుకునేవాడు. నా దృష్టిలో ఇది తుపాకీ పట్టడానికి ఏ మాత్రం తక్కువ కాదు.

మలేరియా రాకుండా సిపాయిలు మెపాక్రిన్ అనే పసుపుపచ్చ మాత్ర రోజూ మింగాలి. దానితో ఒళ్లు పసుపు రంగుకు తిరిగేది, పైగా మగతనం పోతుందన్న పుకారు. అందువల్ల కొందరు మాత్రను దవడన దాచి తరువాత ఉమ్మేసేవారు. అమ్మమ్మ ఒక్కొక్కరి చేత నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, దీపం వెలుగులో చూసిన తరువాతే పక్క మంచం దగ్గరకు వెళ్లేవారట. మా చిన్నతనంలో మాకు జ్వరం మాత్ర ఇచ్చినప్పుడూ "ఏదీ, నాలుక ఎత్తు" అనేవారు.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. 1943 నాటి ఆర్డినెన్సుతో మిలిటరీ నర్సులు కమిషన్ పొందిన, అంటే సైన్యంలో అధికారిక హోదా గల, అధికారులయ్యారు. 1944లో జపాన్ సైన్యం ఇంఫాల్ రహదారిని తెగ్గొట్టినప్పుడు గాయపడినవారిని విమానాల్లో తరలించారు. యుద్ధం ముగిశాక అమ్మమ్మ ఊరికి తిరిగివచ్చి, ఓపిక ఉన్నంతకాలం కాలువగట్టు ఇళ్లలో పురుళ్లు పోశారు, సూదిమందులు వేశారు.

బర్మా యుద్ధరంగంలోనూ, అస్సాం, బెంగాల్ ప్రాంతాల్లోనూ పనిచేసినవారికి బర్మా స్టార్ అనే ఆరు కోణాల పతకం ఇచ్చారు. దాని రిబ్బను మధ్యలో ఎర్ర పట్టీ, ఇరువైపులా ముదురు నీలంలో నారింజ చారలు ఉంటాయి. అది మీ ఇంటి ట్రంకు పెట్టెలో కనిపిస్తే ఎవరిదో, వారు ఏ ఆస్పత్రిలో లేక ఏ పటాలంలో పనిచేశారో పెద్దలను అడిగి రాసిపెట్టండి.